గంగమణి అక్క అనుమానం

కొత్త హార్డ్ డిస్కు కవరు చించగానే ఒక వాసన వస్తుంది. ఇనుము వాసన అనలేం, ప్లాస్టిక్ వాసన అనీ అనలేం. కొత్త చెప్పుల పెట్టె తెరిచినప్పటి వాసనకు కొంచెం దగ్గరగా ఉంటుంది. మొన్న బోధన్‌లో ఒక పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో సర్వరుకు పెద్ద డిస్కులు వేయడానికి వెళ్ళాను. కవరు చించి, డిస్కును ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను. డాక్టరు గారు విచిత్రంగా చూసి, "వాసన చూస్తే తెలుస్తదా మేడం?" అని అడిగారు. అలవాటు సార్ అని నవ్వేశాను. నిజానికి కొంత తెలుస్తుంది. వాడిన డిస్కును తుడిచి కొత్త కవరులో పెట్టి అమ్మితే ఈ వాసన ఉండదు, స్పిరిట్ వాసనో పాత దుమ్ము వాసనో కొడుతుంది. ఇది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు, గంగమణి అక్క చెప్పింది. ఆమె డిస్కులనే కాదు, మనుషులను కూడా దాదాపు ఇలాగే వాసన చూసి గానీ దగ్గరికి రానిచ్చేది కాదు.

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో అడుగుకో ఆసుపత్రి, ఆసుపత్రికో మందుల దుకాణం. ఆ సందడిలో ఒక మేడ మీద అక్క స్కానింగ్ సెంటర్ ఉండేది. ఊరు వేల్పూర్, పసుపు పండించే ఇల్లు. ఎక్స్-రే తీయడం నేర్చుకుని, చాలాకాలం వేరేవాళ్ళ దగ్గర పనిచేసి, చివరికి సొంతంగా సెంటర్ పెట్టింది. రిపోర్టులు రాయడానికి ఒక డాక్టరు గారు వచ్చేవారు, మిగతా పెత్తనమంతా అక్కదే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "ఎంక్వయిరీ ఇంక పూర్తి కాలే" అనేది. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. నేను ఆ సెంటర్‌లో కంప్యూటర్ల పనికి చేరాను. ఉద్యోగానికి వెళ్ళిన రోజు నా సర్టిఫికెట్‌ను ఎక్స్-రే ఫిల్ము చూసే లైటు మీద పెట్టి మరీ చూసింది. అది చాలదన్నట్టు బోధన్‌లో మా ఇంటి పక్క కిరాణా దుకాణం నంబరు సంపాదించి, నా ముందే ఫోన్ చేసి మా బాపు ఎలాంటి మనిషో విచారించింది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బాపు నోరు కాస్త పెద్దదైంది. కిరాణాయన ఏం చెబుతాడోనని నాకు చెమటలు పట్టాయి.

"మనిషి మంచోడే గని జెర కోపమెక్కువ అంటున్నరు" అని ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. "నీక్కూడ కోపమున్నదా లతా?"

"ఇప్పుడైతే వస్తున్నది మేడం" అన్నాను.

"గట్ల నిజం చెప్పు, బాగుంటది. రేపటి సంది రా. మేడం గీడం వద్దు, అక్కా అను."

అక్క పద్ధతులన్నీ పసుపు కల్లంలోంచి వచ్చినవే. వాళ్ళ బాపు పసుపు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనేవాడు కాదట, లాభం అనేవాడట. లాభం, రెండు, మూడు, నాలుగు. మన దగ్గర ధాన్యం కొలిచేవాళ్ళందరికీ తెలిసిన ఆనవాయితీయే, కానీ అక్క దాన్ని స్కానింగ్ సెంటర్‌లోకి కూడా తెచ్చింది. ఫిల్ములు లెక్కపెట్టినా, కుర్చీలు లెక్కపెట్టినా లాభంతోనే మొదలు. పొద్దున వచ్చిన మొదటి పేషెంటును "లాభం ఎవరు? లోపలికి రండ్రి" అని పిలిచేవాళ్ళం. కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చిన మనిషి ఆ పిలుపు విని ఒక్క క్షణం నొప్పి మరిచిపోయేవాడు. పల్లెవాళ్ళు మాత్రం ఏమీ ఆశ్చర్యపోకుండా లేచి వచ్చేవాళ్ళు.

కల్లంలోంచి వచ్చిన రెండో పద్ధతి అనుమానం. "పాలిష్ కొట్టినంక ప్రతి కొమ్ము బంగారమే" అనేది. "ఇరిచి సూస్తె గద లోపల గట్టిదో పుచ్చో ఎర్కయ్యేది." మార్కెట్ యార్డులో కొనేవాడు కుప్ప పైనున్న కొమ్ములను ముట్టుకోడట, చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగు నుంచి ఒకటి లాగి విరుస్తాడట. అక్క ప్రతి పనినీ అలాగే విరిచి చూసేది. కాపీ చేశాను అక్కా అంటే కుదరదు, మధ్యలోంచి ఏదో ఒక పేషెంటు బొమ్మ తెరిచి చూపించాలి. పేషెంట్ల బొమ్మలన్నీ దాచే సర్వరు ఉన్న చిన్న గదికి తాళం వేశాను అంటే సరిపోదు. నేను వెళ్ళాక తలుపుకూ చట్రానికీ కలిపి చిన్న ప్లాస్టర్ ముక్క అతికించి, పొద్దున అది ఊడిందో లేదో చూసుకునేది. ఆ ముక్క సంగతి కనిపెట్టిన రోజు నాకు ఒళ్ళు మండింది. దొంగను కాపలా కాసినట్టు కాస్తోంది కదా అని నేరుగా వెళ్ళి అడిగాను.

"నా మీద నమ్మకం లేదా అక్కా?"

"నమ్మకం వేరే, సూసుకునుడు వేరే" అంది తలెత్తకుండా. "నమ్మకం లేకుంటె తాళంచెవి నీకెందుకిస్త?"

జవాబు బాగానే ఉంది, కానీ నాకు సగమే ఎక్కింది. అనుమానం ఉన్నచోట పనిచేస్తే మనకూ అది పట్టుకుంటుంది. అక్క నన్ను ఎందుకు అనుమానిస్తోందా అని నేను అక్కను అనుమానించడం మొదలుపెట్టాను. ఆమె తలుపు వేసుకుని ఫోన్ మాట్లాడితే నా గురించేనేమో అనిపించేది. నా డెస్కు మీద మౌస్ ఇటు నుంచి అటు జరిగి ఉంటే ఎవరు వచ్చారా అని చూసేదాన్ని. ఇంటి దగ్గర మా అమ్మ పాలవాడిని తిడుతుంటే కూడా అక్క గొంతు వినిపించేది.

అప్పుడే సెంటర్‌లో పాత సీటీ మెషిన్ పోయి కొత్తది వచ్చింది. ఎక్స్-రే అయితే ఒక్క బొమ్మ, పాత సీటీ అయితే పదుల బొమ్మలు, ఇది ఒక్కో మనిషికి వందల బొమ్మలు తీసేది. సర్వరు చూస్తుండగానే నిండిపోయింది. పాతవి తీసెయ్యమని మెషిన్ అమ్మినవాళ్ళు సలహా ఇచ్చారు. అక్క ఒప్పుకోలేదు. పాత బొమ్మ లేకపోతే కొత్త బొమ్మకు అర్థం లేదని డాక్టరు గారు కూడా అన్నారు. అందుకని సర్వరులోని నాలుగు డిస్కులనూ పెద్దవాటితో మార్చాలని నిర్ణయమైంది. ఆ నాలుగూ కలిసి సమాచారాన్ని పంచుకుని దాస్తాయి. ఒకటి పోయినా మిగతా మూడు కలిసి దాన్ని మళ్ళీ నింపగలవు. మంచానికి ఒక కోడు విరిగితే ఇటుకలు పేర్చి పడుకోవచ్చు, రెండు కోళ్ళు ఒకేసారి విరిగితే నేలే గతి. అందుకే ఒక్కో డిస్కే తీసి, దాని స్థానంలో పెద్దది పెట్టి, అది పూర్తిగా నిండాకే రెండో దాని మీద చెయ్యి వేయాలి.

డిస్కులు తెచ్చింది శ్రీకాంత్. అక్కకు సొంత అక్క కొడుకు, బస్టాండ్ రోడ్డులో కంప్యూటర్ దుకాణం. పనిమంతుడే, కాకపోతే మాట కంటే ముందు నవ్వు వచ్చేది. అక్కకు ఆ నవ్వు మీదే మొదటి అనుమానం. పని మొదలుపెట్టేముందు మొత్తం సమాచారం కాపీ తీసిపెట్టుకోవడానికి అతను బయట పెట్టుకునే పెద్ద డిస్కు ఒకటి తెచ్చాడు. అక్క దాన్ని చేతిలో ఎగరేసి చూసింది.

"తేలికున్నది."

"ఇప్పుడొచ్చేటివి గట్లనే ఉంటయ్ చిన్నమ్మా."

"పైన పెద్దగ రాసి లోపల చిన్నది పెట్టి అమ్ముతున్నరంట. నేను విన్న."

"నేను మీకు గసొంటిది ఇస్తనా?"

"నువ్వు ఇయ్యవు. నీకిచ్చినోడు?"

డిస్కును మొత్తం నింపి, మళ్ళీ చదివించి చూస్తే అసలో నకిలీయో తేలిపోతుందని, దానికి రెండు మూడు రోజులు పడుతుందని చెప్పాను. అంత సమయం లేదంది. అనుమానం ఉన్నదాన్ని ఇంట్లో పెట్టుకోవడం ఎందుకని వెనక్కి ఇచ్చేసింది. హైదరాబాద్ నుంచి వేరేది తెప్పిస్తానంది. అది రాలేదు, పని పెట్టుకున్న ఆదివారం వచ్చింది. మా దగ్గరున్న పాత చిన్న డిస్కులో బాగా పాత బొమ్మలు మాత్రమే పట్టాయి. ఇటీవలి సంవత్సరాలవన్నీ సర్వరులో తప్ప ఎక్కడా లేవు. కాపీ లేకుండా మొదలుపెట్టొద్దు అక్కా అన్నాను. ఒక్కొక్కటే తీస్తున్నం గదా అంది. అనుమానం ఇంత ఎక్కువున్న మనిషి ఈ ఒక్కచోట అంత ధీమాగా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు.

మొదటి ఆదివారం బాగానే గడిచింది. శ్రీకాంత్ ముందు నాలుగో డిస్కును తానే తీసి పెద్దది పెట్టాడు. సోమవారానికి అది నిండింది. గొడవంతా ఆ తీసిన పాత డిస్కు దగ్గర వచ్చింది. ఎప్పటిలా అతను దాన్ని తన సంచిలో వేసుకున్నాడు. అక్క గుమ్మం దగ్గరే పట్టుకుంది.

"ఏడికి తీస్కపోతున్నవ్?"

"స్క్రాపే గద చిన్నమ్మా."

"గందుల మంది కడుపులు, గుండెకాయలు ఉన్నయ్. ఆడోల్ల ఫోటోలున్నయ్. సంచిల ఏస్కోని బజాట్ల తిరుగుతవా?"

శ్రీకాంత్ ముఖం ఎర్రబడింది. డిస్కు తీసి టేబుల్ మీద పెట్టాడు. పేషెంట్ల బొమ్మలు బయటికి పోకూడదన్నది నిజమే, నాకే ముందు తట్టాల్సింది. కానీ చెప్పిన తీరు వేరు. రిసెప్షన్ అమ్మాయి, ఎక్స్-రే తీసే అబ్బాయి, అందరూ చూస్తుండగా చెప్పింది. పైగా, "ఇగ నువ్వు ఆ పెట్టెను ముట్టకు. బయట కూసోని చెప్పు, నేను తీస్త" అని తీర్మానం కూడా చేసేసింది. పొరుగువాడు దొంగ అయితే తలుపు వేసుకోవచ్చు, చుట్టం మీద అనుమానం వస్తే ఎక్కడ వేసుకుంటాం తలుపు. శ్రీకాంత్ ఖాళీ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం మాత్రం చెప్పిన వేళకే వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం శ్రీకాంత్, నేను బయట కంప్యూటర్ ముందు కూర్చున్నాం. అక్క సర్వరు గదిలో నిలబడింది. శ్రీకాంత్ తెర మీద ఒక డిస్కును ఆపేసి, "ఒకటి తీయుండ్రి చిన్నమ్మా" అని కేక వేశాడు. తీయాల్సిన డిస్కు దగ్గర చిన్న లైటు రంగు మారాలి. కానీ దసరాకు అక్క ఒక్కో డిస్కుకూ పసుపు రాసి ఇంత బొట్టు పెట్టింది, లైట్లన్నీ ఆ కుంకుమ కింద కప్పబడిపోయాయి. లోపలి నుంచి "తీసిన" అని వినిపించింది. మరుక్షణం తెరంతా ఎర్రగా అయిపోయింది. సర్వరు పలకడం మానేసింది. రెండు కోళ్ళూ విరిగాయి.

"ఏం చేసినవ్?" అని అక్క బయటికి వచ్చింది.

"నేనేం చేసిన? మీరే తీసిన్రు."

"నువ్వు చెప్పిందే తీసిన. ఆడ కూసోని ఏదో ఒత్తినవ్. మొన్నటి కోపం పెట్టుకున్నవ్."

శ్రీకాంత్ లేచి నిలబడ్డాడు. "చిన్నమ్మా, మా అమ్మ మొఖం చూసి ఊకుంటున్న" అని నా వైపు తిరిగి, "దాన్ని బంద్ చేసి పెట్టు, ఎవరు ముట్టకుండ్రి" అని చెప్పి మెట్లు దిగిపోయాడు. ఆ సలహా కూడా మంచికి చెప్పాడా చెడుకు చెప్పాడా అని నాకు అనుమానమే వచ్చింది. అయినా సర్వరును ఆపేశాను. వెనక్కి తిరిగేసరికి అక్క చెయ్యి చాపి నిలబడి ఉంది.

"నీ ఫోన్ సూపియ్."

"ఎందుకక్కా?"

"వానితోని మాట్లాడుతుంటవ్ గద. సూపియ్."

ఇచ్చాను. ఆమె వేలితో పైకీ కిందికీ జరుపుతూ చూస్తుంటే, నా ఒంటి మీద గుడ్డ లాగుతున్నట్టు అనిపించింది. డిస్కుల ధరలు, స్క్రూల కొలతలు తప్ప అందులో ఏమీ లేవు. ఫోన్ తిరిగిచ్చేసింది. ఇక ఈ మనిషి దగ్గర పనిచేయకూడదని బస్సులో బోధన్ చేరేదాకా అనుకుంటూనే ఉన్నాను. సోమవారం వెళ్ళి తాళంచెవి ఇచ్చేసి రావాలనుకున్నాను.

సోమవారం నాకంటే ముందే రాజవ్వ వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. ధర్పల్లి నుంచి తొలి బస్సుకు కోడలిని తోడు తీసుకుని వచ్చింది. చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టిన మనిషి, చూపుడు వేలి కొన ఆకు కత్తిరింపులకు కాయ కాచి ఉంది. దగ్గు ఆగడం లేదని ఆ వారమే స్కాన్ తీయించుకుంటే ఊపిరితిత్తిలో ఒక మచ్చ కనిపించింది. కొన్నేళ్ళ కిందట కూడా మా దగ్గరే స్కాన్ తీయించుకుంది. డాక్టరు గారు ఒకటే మాట అన్నారు: అప్పటి బొమ్మలో కూడా ఈ మచ్చ ఇంతే ఉంటే పాత జబ్బు గుర్తు, భయం లేదు. అప్పుడు లేకపోతే మాత్రం వెంటనే హైదరాబాద్ పంపి, సూది వేసి ముక్క తీయించాలి. పాత ఫిల్ము తెచ్చారా అని కోడలిని అడిగాను.

"యాడిది మేడం, గ్రహణం నాడు పిల్లలు ముక్కలు కోసి సూర్యుని సూసిన్రు" అంది సిగ్గుపడుతూ.

రాజవ్వ అక్క చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నన్ను హైద్రబాదు తోలకుండ్రి. మా అక్కను గిట్లనే ముక్క తీస్తమని తోలిన్రు. పోయింది, మల్ల రాలే. మీ కంపూటర్ల నా పాత ఫోటో ఉన్నదంట గద, అది సూడుండ్రి."

అక్క "కూసో అవ్వా, సూస్తం" అని లోపలికి వచ్చింది. ఆమె ముఖం అలా ఎప్పుడూ చూడలేదు. నా చేతిలోని తాళంచెవి చూసింది, నేను ఎందుకు పట్టుకుని నిలబడ్డానో అర్థమయ్యే ఉంటుంది. అయినా ఆ మాట ఎత్తలేదు.

"లతా, నిన్న ఏమైందో మొదటి సంది చెప్పు. నన్ను మూడో మనిషి లెక్క పెట్టి చెప్పు. నేనేం చేసిన్నో అది గూడ చెప్పు, ఇడిసిపెట్టకు."

చెప్పాను. శ్రీకాంత్ ఏది నొక్కాడో, ఏమన్నాడో, ఆమె ఏమందో, కోపంతోనే అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పని మొదలుకాకముందు తెరను ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను, అది కూడా చూపించాను. అందులో డిస్కుల పేర్లు వరుసగా ఉన్నాయి: సున్న, ఒకటి, రెండు, మూడు. అక్క ఆ ఫోటో పట్టుకుని సర్వరు గదిలోకి వెళ్ళింది. పెట్టె ముందు నిలబడి ఒక్కో డిస్కు మీదా వేలు పెట్టింది. "లాభం, రెండు, మూడు, నాలుగు" అంది. మళ్ళీ ఫోటో చూసింది. మళ్ళీ మొదటి దాని మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

"వాడు ఒకటి అన్నడు, నేను లాభం తీసిన" అంది మెల్లగా. "మెషినుకు ఒకటంటె నా రెండు, వాడు ఆపింది గదే. దాని లెక్క సున్న సంది మొదలు." తన కుడిచేతి వైపు చూసుకుంటూ అంది: "ఊరందర్ని అనుమానిచ్చిన. గీ చెయ్యిని ఒక్కపారి గూడ అడగలే."

నాకు లోపల కొంచెం సంతోషం వేసిన మాట నిజం. కానీ ఆ గొంతు వింటే అది నిలవలేదు. ఇంకెవరైనా అయితే శ్రీకాంత్‌కు ఫోన్ చేసి, వేరేవాళ్ళతో చెప్పించి, ఎలాగో రప్పించి ఉండేవాళ్ళు. అక్క చెప్పులేసుకుని నన్ను వెంటబెట్టుకుని బస్టాండ్ రోడ్డుకు నడిచింది. దుకాణంలో గిరాకీ ఉంది. శ్రీకాంత్ చూసి కూడా తల తిప్పుకున్నాడు. అక్క అందరి మధ్యలో నిలబడి, "శ్రీకాంత్, తప్పు నాది. నువ్వు చెప్పింది ఒకటి, నేను తీసింది ఇంకోటి. నీ మీద ఏసిన మాట ఎనక్కి తీస్కుంటున్న" అంది. కొనడానికి వచ్చినవాళ్ళు చేతిలో వస్తువులు అలాగే పట్టుకుని చూస్తున్నారు.

"ఇంటికొచ్చి చెప్తె సరిపోతుండె గద చిన్నమ్మా" అన్నాడు అతను తల దించుకుని.

"నలుగుట్ల అన్న. నలుగుట్లనే చెప్పాలె."

శ్రీకాంత్ దుకాణం పక్కవాడికి అప్పగించి వచ్చాడు. ఈసారి పద్ధతి మారింది. అతను చెప్పిన మాటను నేను తిరిగి చెప్పాలి, నేను చెప్పినది అక్క వేలు పెట్టి చూపించాలి, మళ్ళీ అతను వచ్చి చూడాలి. ముందు కుంకుమంతా స్పిరిట్ దూదితో తుడిచాం. మొదటి డిస్కును దాని స్థానంలో తిరిగి పెట్టి, సర్వరును లేపాం. తెర మీద అది ఏవో ప్రశ్నలు అడిగింది. శ్రీకాంత్ ఒక్కోటీ పైకి చదివి, ఆగి, మా ఇద్దరి ముఖాలు చూసి జవాబు నొక్కాడు. ఎరుపు పోయి పసుపు వచ్చింది. ఆపేసి ఉంచమని అతను చెప్పిన మాటే కాపాడిందని, దాని మీద ఇంకేమైనా రాసి ఉంటే అంతా పోయేదని అప్పుడు తెలిసింది. అతని సలహాను అనుమానించినందుకు నాకు సిగ్గు వేసింది గానీ పైకి అనలేదు.

రాజవ్వ పేరు వెతికాను. పాత స్కాన్ తెరుచుకుంది. నేను ఊపిరి పీల్చుకున్నాను, అక్క పీల్చుకోలేదు. "పేరు సూసి నమ్మకు. మన జిల్లాల ఎంతమంది రాజవ్వలున్నరు?" అంది. బయటికి వెళ్ళి రాజవ్వను ఎప్పుడైనా కింద పడ్డావా, ఎముక విరిగిందా అని అడిగి వచ్చింది. పెండ్లయిన కొత్తలో ఎద్దు తోస్తే ఎడమ వైపు మెడ కింది కాలర్ ఎముక విరిగిందట. పాత బొమ్మలోనూ, కొత్త బొమ్మలోనూ ఆ ఎముక ఒకేచోట వంకరగా అతుక్కుని ఉంది. అప్పుడు గానీ డాక్టరు గారిని పిలవలేదు. ఆయన రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి, కొలిచి, వెనక్కి వాలి కూర్చున్నారు. మచ్చ అప్పుడూ అక్కడే ఉంది, అంతే ఉంది. దగ్గుకు మందులు రాస్తానని, హైదరాబాద్ అక్కర్లేదని చెప్పారు.

ఆ తరువాత మిగతా డిస్కులన్నీ ఒక్కో ఆదివారం మార్చాం. అక్క అనుమానం తగ్గిందనుకుంటే పొరపాటే. శ్రీకాంత్ తెచ్చిన ఆ తేలికైన డిస్కును తిరిగి తెప్పించి, నాతో పూర్తిగా నింపించి, చదివించి, అది అసలైనదేనని తేలాకే కాపీలు పెట్టనిచ్చింది. తలుపు మీద ప్లాస్టర్ ముక్క కూడా ఆగలేదు. నా ఫోన్ సంగతి మాత్రం ఆమె నోటితో ఎప్పుడూ ఎత్తలేదు. ఒక పొద్దున తన ఫోన్ తాళం తీసి నా డెస్కు మీద పెట్టి, "నాది గూడ సూడు" అని వెళ్ళిపోయింది. మర్యాదకు వద్దనాలి. నేను చూశాను. ఇంటి తాళం ఫోటోలు, గ్యాస్ బంద్ చేసిన ఫోటోలు, నీళ్ళ మోటార్ స్విచ్ ఫోటోలు, రోజుకొకటి చొప్పున. ఆమె అందరికంటే ఎక్కువగా తనను చూసే భయపడుతూ బతికిందని అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి నా కోపం పోయింది. తాళంచెవి తిరిగి ఇవ్వాలన్న మాట మళ్ళీ అనుకోలేదు.

అక్క పోయి కొంతకాలమైంది. సెంటర్ చేతులు మారింది, నేను బోధన్‌లో సొంతంగా ఈ పనే చేసుకుంటున్నాను. ఎవరి డిస్కునూ ఊరికే నమ్మను, ఎవరి మాటనూ అసలే నమ్మను. దీనివల్ల చుట్టాల్లో నాకు మంచిపేరేమీ లేదు. కానీ ఆమె దగ్గర నేను నేర్చుకున్నది అనుమానం ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఆ సోమవారం డాక్టరు గారు భయం లేదని చెప్పాక, రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చి, తేరుకుని, వెళ్ళడానికి లేచింది. మేమందరం బయటపడ్డాం అనుకున్నాం. అక్క ఆమెను ఆపి పక్కన కూర్చోబెట్టుకుంది.

"అవ్వా, ఒక ముచ్చట. నిన్న నీ పాత ఫోటో పోగొట్టింది నేనే. నా చేతితోని తప్పు డిస్కు తీసిన. ఇయ్యాల దొరికింది. దొరకకపోతె నిన్ను హైద్రబాదు తోలెటోల్లం."

డాక్టరు గారు ఉలిక్కిపడి చూశారు. శ్రీకాంత్ వైరు చుడుతున్నవాడు ఆగిపోయాడు. రాజవ్వ అక్క చేతి మీద చెయ్యి వేసింది.

"దొరికింది గద బిడ్డా, ఇగ ఎందుకు? నువ్వు చెప్పకపోతె నాకేమెర్క?"

"అందుకే చెప్తున్న" అంది అక్క.

నేను చెప్పకపోతే ఎవరికీ తెలియని పొరపాట్లు ఈ పనిలో ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. సరిదిద్దేసి, తెర తుడిచి, అంతా బాగుందని వచ్చేయవచ్చు. అలాంటప్పుడు చుట్టిన వైరునే మళ్ళీ విప్పి చుడతాను. తరువాత ఆ మనిషి ఎదురుగా కూర్చుని, ఏం చేశానో మొదటి నుంచి చెబుతాను. కొందరు ఆ తరువాత నన్ను పిలవరు.